పాత లాప్‌టాప్‌లో సొంత లినక్సు కెర్నెలు - దోష నివారణ

సొంత కెర్నెలు అనగా, పంపిణీదారులు సిద్ధం చేసి ఇచ్చిన లినక్సు కెర్నెలును వాడక, దాని సోర్సు కోడును తెచ్చుకొని, తన యంత్రానికి కావలసిన ఎంపికలు చేసుకొని, వాడుకరి స్వయంగా కంపైలు చేసుకున్న కెర్నెలు. పాత లాప్‌టాప్‌లలో ఇటువంటి కెర్నెలు మొదటి ప్రయత్నంలోనే సవ్యంగా నడవడం అరుదు. కంపైలు మధ్యలో ఆగిపోవచ్చు. పూర్తయినా యంత్రం బూటు కాకపోవచ్చు. బూటు అయినా వైర్‌లెస్సో, తెరో, ధ్వనియో పనిచేయకపోవచ్చు. ఇలా జరిగినప్పుడు యంత్రం చెడిపోయిందని భావించి దానిని పాత సామానులో పడవేసేవారు ఉన్నారు. నిజానికి ఎక్కువ సందర్భాలలో చెడినది యంత్రం కాదు, ఎంపికల జాబితాలో ఒకటి రెండు గుర్తులు మాత్రమే తప్పి ఉంటాయి. ఆ గుర్తులు ఏవో తెలుసుకొనే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు, స్వరూపం

యూనిక్సు పరిభాషలో కెర్నెల్, షెల్ అన్న రెండు మాటలూ కాయకు సంబంధించినవే. కోనసీమ విద్యార్థికి వీటిని వివరించడానికి ఒక కొబ్బరికాయ చాలు. పైనున్న గట్టి చిప్ప షెల్, లోపలి కొబ్బరి కెర్నెల్. వాడుకరి ఆజ్ఞలను టైపు చేసేది షెల్‌కు. షెల్ వాటిని అందుకొని, అవసరమైన పనిని కెర్నెలుచేత చేయిస్తుంది. ప్రాసెసరు సమయాన్ని, మెమరీని, డిస్కును, తెరను ఏ ప్రోగ్రాముకు ఎంత ఇవ్వాలో నిర్ణయించేది కెర్నెలే. గోదావరి కాలువల మీద లాకుల దగ్గర నీటిని వంతులవారీగా వదిలే ఏర్పాటు వంటిది ఇది.

ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న తన ప్రయత్నాన్ని ప్రకటించాడు. అప్పుడు ఆ కెర్నెలు ఆయన వద్దనున్న 386 ప్రాసెసరు యంత్రం కొరకు వ్రాసుకున్నదే. అంటే లినక్సు పుట్టుకే ఒక సొంత కెర్నెలు. తరువాత వేలమంది చేరి వేలకొలది పరికరాలకు డ్రైవర్లు వ్రాశారు.

ఈ డ్రైవర్లను కెర్నెలులో చేర్చడానికి రెండు మార్గాలు ఉన్నాయి. కెర్నెలు లోపలే కలిపివేయడం మొదటిది. మాడ్యూలు అనే విడి ఫైలుగా డిస్కు మీద ఉంచి, అవసరమైనప్పుడు ఎక్కించుకోవడం రెండవది. ఎంపికల జాబితాలో మొదటిదానికి "వై" అని, రెండవదానికి "ఎం" అని, అసలు వద్దనుకుంటే "ఎన్" అని గుర్తు పెడతారు. ఇక ముందు చెప్పబోయే ఇబ్బందులలో అధికభాగం ఈ మూడు అక్షరాల దగ్గరే పుడుతుంది.

పాత యంత్రాలకు ఎందుకు అవసరం

కొత్త లాప్‌టాప్ ఉన్నవారికి సొంత కెర్నెలు ఒక వినోదం, లేదా ఒక పాఠం. 32 బిట్ల ప్రాసెసరు గల పాత లాప్‌టాప్ ఉన్నవారికి అది క్రమంగా అవసరంగా మారుతున్నది. ఉబుంటు 2017 అక్టోబరులో వచ్చిన 17.10 నుండి 32 బిట్ల డెస్కుటాప్ స్థాపక డిస్కును ఇవ్వడం మానివేసింది. ఫెడోరా 2019లో వచ్చిన 31వ విడుదల నుండి 32 బిట్ల ఇంటెల్ కెర్నెలును విడిచిపెట్టింది. పాత యంత్రాలకు చివరి దిక్కుగా ఉండిన డెబియన్ కూడా 2025 ఆగస్టులో విడుదలైన 13వ సంచికలో 32 బిట్ల కెర్నెలును, స్థాపక ప్రోగ్రామును తొలగించింది. 2023 జూన్‌లో వచ్చిన 12వ సంచికయే ఆ కోవలో చివరిది.

అయితే పంపిణీదారులు మానివేయడం వేరు, కెర్నెలు మానివేయడం వేరు. 2013లో వచ్చిన 3.8 నుండి లినక్సు 386 ప్రాసెసరును వదిలివేసింది. కాని పెంటియం ఎం వంటి ఆ తరువాతి 32 బిట్ల ప్రాసెసర్లకు అవసరమైన కోడు మాత్రం అందులో కొనసాగింది. అందుచేత ఎవరూ వండి పెట్టకపోయినా, దినుసులు ఉన్నాయి కనుక మనమే వండుకోవచ్చు. ఇంట్లో ఒకే ఒక పాత లాప్‌టాప్ ఉన్న విద్యార్థికి ఈ తేడా చిన్నది కాదు.

సందేశాల భాష

తెలుగులో పనిచేసే లినక్సు పంపిణీల కొరకు స్వేచ్ఛ సంస్థ, సీడాక్ వారి బాస్ పథకం కృషి చేశాయి. మెనూలు, కిటికీలు, సహాయ పుటలు తెలుగులో కనిపించేలా చేయడం వారి కృషి ఫలితమే. అయితే కెర్నెలు తానుగా పలికే సందేశాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటికి అనువాద వ్యవస్థ లేదు. ఉన్నా చూపించే వీలు లేదు. బూటు సమయంలో కనిపించే అక్షర తెర ఒకేసారి 512 అక్షర రూపాలకు మించి ఉంచుకోలేదు, ఒత్తులను గుణింతాలను కూర్చి చూపే శక్తి దానికి లేదు. కాబట్టి తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి మొదటి అడ్డంకి సాంకేతికం కాదు, భాషాపరమైనది. ఈ కారణంగా ముఖ్యమైన సందేశాల భావాన్ని ఇక్కడ తెలుగులో ఇవ్వడమైనది. ఆజ్ఞల పేర్లను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో వ్రాశాము. టైపు చేసేటప్పుడు వాటిని రోమను లిపిలో, చాలావరకు చిన్న అక్షరాలలో వ్రాయాలి.

ముందు జాగ్రత్తలు

మొదటి నియమం: నడుస్తున్న పాత కెర్నెలును ఎట్టి పరిస్థితిలోనూ తొలగించరాదు. గ్రబ్ అనే బూటు ప్రోగ్రాము ఎన్ని కెర్నెళ్లనైనా జాబితాగా చూపగలదు. కొత్తదానికి "లోకల్ వెర్షన్" అనే ఎంపికలో ఒక తోక పేరు తగిలిస్తే, దాని మాడ్యూళ్లు వేరే డైరెక్టరీలోకి వెళతాయి. ఈ తోక పెట్టకుండా అదే సంఖ్య గల కెర్నెలును మళ్లీ నిర్మిస్తే పాత మాడ్యూళ్ల మీద కొత్తవి పడి, పాత కెర్నెలు సరిగా నడవకపోవచ్చు.

గ్రబ్‌లో ఇంకొక చక్కని సదుపాయం ఉన్నది. అప్రమేయ ఎంపికను "సేవ్డ్" అని మార్చి, "గ్రబ్-రీబూట్" ఆజ్ఞతో కొత్త కెర్నెలును ఒక్కసారికి మాత్రమే ఎంచుకోవచ్చు. అది బూటు కాక తెర బిగుసుకుపోతే, విద్యుత్తు మీట ఆపి వేయగానే యంత్రం తనంతట తానే పాత కెర్నెలుతో బూటు అవుతుంది. ఈ వ్యాసకర్తకు ఈ ఆజ్ఞ తెలియడానికి ముందు గ్రబ్ జాబితా కొరకు షిఫ్టు మీట పట్టుకొని గడిపిన సాయంత్రాలు చాలానే ఉన్నాయి.

రెండవది గడియారం. పాత లాప్‌టాప్‌లలో మదరుబోర్డు మీది చిన్న నాణెం బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. యంత్రం ఆపి వేసిన ప్రతిసారీ తేదీ ఏ 2000వ సంవత్సరానికో, 2005కో వెనక్కు పోతుంది. "మేక్" ప్రోగ్రాము ఏ ఫైలు ముందు, ఏది తరువాత అన్నది తేదీలను బట్టే నిర్ణయిస్తుంది. తేదీ తప్పితే "గడియారంలో తేడా కనిపించినది, నిర్మాణం అసంపూర్ణంగా ఉండవచ్చు" అనే భావం గల హెచ్చరిక వస్తుంది. దీనిని తేలికగా తీసుకొని ముందుకు పోతే పాత ముక్కలు, కొత్త ముక్కలు కలిసిన కెర్నెలు తయారవుతుంది. అది చూపే దోషాలకు అర్థం ఉండదు. తక్కువ ఖరీదుకు దొరికే ఆ బ్యాటరీని ముందే మార్చడం మేలు.

మూడవది స్థలం. సోర్సు కోడు మూట సుమారు 130 నుండి 150 ఎంబీ ఉంటుంది, విప్పితే ఒక జీబీ దాటుతుంది. పంపిణీదారుల ఎంపికలనే యథాతథంగా తీసుకొని డీబగ్ సమాచారంతో సహా కంపైలు చేస్తే 10 జీబీకి పైగా అడుగుతుంది. పాత యంత్రంలో డీబగ్ సమాచారం ఎంపికను తీసివేయడం దాదాపు తప్పనిసరి.

సోర్సు కోడును, కంపైలరును, అవసరమైన ఫర్మ్‌వేరు ఫైళ్లను ముందే పూర్తిగా దింపుకొని ఉంచుకోవాలి. ఇంటర్నెట్టు ఎల్లప్పుడూ ఉంటుందనుకోరాదు. 2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో హింస చెలరేగిన తరువాత కోనసీమలో కొన్ని రోజులపాటు మొబైలు ఇంటర్నెట్టు నిలిపివేయబడింది. ఇళ్ల నుండి పనిచేసే సాఫ్టువేరు ఉద్యోగులు సిగ్నలు కొరకు గోదావరి గట్ల దాకా వెళ్లవలసి వచ్చింది. సగం దింపిన మూట అటువంటప్పుడు ఎందుకూ కొరగాదు.

ఎంపికల జాబితా తయారీ

ఎంపికలన్నీ "డాట్ కాన్ఫిగ్" అనే ఒక్క ఫైలులో ఉంటాయి. వేలకొలది ప్రశ్నలకు మొదటి నుండి సమాధానం చెప్పడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. కనుక నడుస్తున్న కెర్నెలు యొక్క ఎంపికల ఫైలును బూట్ డైరెక్టరీ నుండి కాపీ చేసుకొని, "మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్" ఆజ్ఞతో కొత్త ప్రశ్నలకు అప్రమేయ సమాధానాలు నింపించాలి. తరువాత "మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్" నడిపితే, ప్రస్తుతం ఎక్కించి ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగిలినవి తీసివేస్తుంది. రోజంతా పట్టే కంపైలు దీనివలన కొన్ని గంటలకు తగ్గుతుంది.

ఈ ఆజ్ఞలో ఒక ఉచ్చు ఉన్నది. ఆ క్షణంలో వాడుకలో లేని పరికరం దానికి కనిపించదు. పెన్‌డ్రైవు, ప్రింటరు, యూఎస్‌బీ మౌసు, సీడీ డ్రైవు, పెన్‌డ్రైవులలో ఉండే ఫ్యాట్ ఫైలు వ్యవస్థ వంటివాటిని ముందుగా ఒకసారి తగిలించి వాడి, అప్పుడు ఆ ఆజ్ఞను నడపాలి. లేనిచో కెర్నెలు చక్కగా బూటు అవుతుంది కాని, వారం తరువాత పెన్‌డ్రైవు పెట్టినప్పుడు ఏమీ జరగదు.

కంపైలు మధ్యలో ఆగిపోతే

"మేక్" ఆగినప్పుడు తెర మీద చివరి వరుసను చూసి లాభం లేదు. ఒక చోట తప్పు జరిగితే దానిపై ఆధారపడిన పనులన్నీ "దోషం" అనే మాటతో వరుసగా ఆగుతాయి. పైకి వెళ్లి మొట్టమొదటి దోషాన్ని చూడాలి. సమాంతరంగా పనులు నడుపుతున్నట్లయితే, ఒకే పనిగా మళ్లీ నడిపితే మొదటి దోషం స్పష్టంగా కనిపిస్తుంది.

డెబియన్ ఎంపికల ఫైలును కాపీ చేసుకున్నవారిలో చాలామందికి ఒక ధ్రువపత్రం ఫైలును తయారుచేసే నియమం లేదని చెప్పే దోషం ఎదురవుతుంది. డెబియన్ వారు తమ కెర్నెలుకు సంతకం చేయడానికి వాడే ధ్రువపత్రం పేరు ఆ ఎంపికలలో ఉంటుంది, మన దగ్గర ఆ ఫైలు ఉండదు. "సిస్టం ట్రస్టెడ్ కీస్" అనే ఎంపికను ఖాళీ చేస్తే సరిపోతుంది. దీనికై కంపైలరును తీసివేసి మళ్లీ స్థాపించిన వారిని కూడా ఈ వ్యాసకర్త ఎరుగును.

కంపైలరు "కిల్డ్" అనే ఒక్క మాటతో ఆగితే, మెమరీ చాలక కెర్నెలే దానిని చంపివేసిందని అర్థం. 512 ఎంబీ మెమరీ గల యంత్రంలో ఇది సాధారణం. స్వాప్ స్థలాన్ని పెంచి, ఒకేసారి ఒక పనినే నడిపించాలి.

"సెగ్మెంటేషన్ ఫాల్టు" అనే దోషం వస్తే జాగ్రత్తగా గమనించాలి. ప్రతిసారీ అదే ఫైలు దగ్గర ఆగితే దోషం సాఫ్టువేరులో ఉన్నది. ఒకసారి ఒకచోట, మరొకసారి మరొకచోట ఆగితే దోషం హార్డువేరులో ఉన్నది. జీసీసీ కంపైలరు కూడా కొన్నిసార్లు ఇదే మాట చెబుతుంది: దోషం పునరావృతం కావడం లేదు కనుక ఇది హార్డువేరు లేదా ఆపరేటింగు వ్యవస్థ సమస్య కావచ్చునని. కెర్నెలు కంపైలు గంటల తరబడి ప్రాసెసరును, మెమరీని పూర్తిగా వాడుతుంది. మామూలుగా ఉత్తరాలు వ్రాసుకొనేటప్పుడు బయటపడని బలహీనతలు అప్పుడు బయటపడతాయి.

ఇటువంటప్పుడు చూడవలసినవి రెండు. మొదటిది వేడి. పాత లాప్‌టాప్ పంకాలో దుమ్ము పేరుకొని గాలి ఆడదు. ఉష్ణోగ్రత హద్దు దాటిందని, ప్రాసెసరు వేగం తగ్గించామని చెప్పే వరుసలు "డీమెస్గ్" ఆజ్ఞతో కనిపిస్తాయి. మే నెలలో మధ్యాహ్నం కాక, రాత్రివేళ కంపైలు చేయడం కూడా ఒక చికిత్సయే. రెండవది మెమరీ. సముద్రతీరానికి దగ్గరగా ఉన్న రాజోలు, అంతర్వేది వంటి చోట్ల గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. లోహపు అంచులకు మకిలి పట్టి మెమరీ ముక్క సరిగా ఆనదు. యంత్రాన్ని ఆపి, బ్యాటరీ తీసి, మెమరీ ముక్కను బయటకు తీసి దాని అంచును మెత్తని పెన్సిలు రబ్బరుతో తుడిచి తిరిగి అమర్చితే చాలాసార్లు కుదుటపడుతుంది. తరువాత మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామును ఒక రాత్రంతా నడిపి చూడాలి. అందులో ఒక్క దోషం కనిపించినా ఆ మెమరీతో తయారైన కెర్నెలును నమ్మరాదు.

విద్యుత్తు పోయి యంత్రం ఆగిపోయిన తరువాత కంపైలు కొనసాగించినప్పుడు, ఏ ఫైలైనా సున్న పరిమాణంలో మిగిలిపోయి ఉండవచ్చు. "మేక్ క్లీన్" అని మొదటి నుండి ఆరంభించడం విసుగైన పనే కాని క్షేమకరం. పాత లాప్‌టాప్‌లలో బ్యాటరీ పేరుకే ఉంటుంది కనుక ఇది అరుదైన సంగతి కాదు.

కెర్నెలు బూటు కాకపోతే

మొదట చేయవలసిన పని, గ్రబ్ జాబితాలో ఆ కెర్నెలు వద్ద "ఈ" మీట నొక్కి, ఆజ్ఞా వరుస నుండి "క్వయట్" అనే మాటను తీసివేయడం. ఆ మాట ఉన్నంతసేపు కెర్నెలు మౌనంగా చచ్చిపోతుంది. తీసివేస్తే మాట్లాడుతూ చచ్చిపోతుంది; ఆ మాటలే మనకు కావాలి. "ఇగ్నోర్ లాగ్‌లెవెల్" అనే మాటను చేర్చితే మరింత వివరంగా చెబుతుంది. తెరను సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోవడం అన్నిటికంటె సులభమైన మార్గం.

తెర పూర్తిగా నల్లగా ఉంటే కీబోర్డు వైపు చూడాలి. కాప్స్ లాక్, స్క్రోల్ లాక్ దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటే కెర్నెలు పానిక్ అయినదని గుర్తు. పాత లాప్‌టాప్‌ల లోపలి కీబోర్డు ద్వారా కెర్నెలు ఇచ్చే సంకేతం అది. దీపాలు మెరవకుండా, కాప్స్ లాక్ నొక్కినప్పుడు మామూలుగా స్పందిస్తూ ఉంటే కెర్నెలు బ్రతికే ఉన్నది, తెర మాత్రమే పోయింది. ఈ రెండు స్థితులకు చికిత్సలు వేరువేరు.

ప్రారంభంలోనే, ప్రాసెసరులో లేని లక్షణం ఒకటి ఈ కెర్నెలుకు అవసరమని చెప్పి "పీఏఈ" అనే మాటతో ఆగిపోవడం మొదటి రకం. 2003లో సెంట్రినో పేరుతో వచ్చిన లాప్‌టాప్‌లలోని తొలి పెంటియం ఎం ప్రాసెసర్లు పీఏఈ అనే మెమరీ సదుపాయం తమకు ఉన్నట్లు ప్రకటించవు. ఎంపికలలో పీఏఈని తీసివేసి, ప్రాసెసరు రకంగా పెంటియం ఎంను ఎంచుకొని మళ్లీ కంపైలు చేయాలి. తాత్కాలికంగా "ఫోర్స్‌పీఏఈ" అనే మాటను ఆజ్ఞా వరుసలో చేర్చి చూడవచ్చు.

రెండవ రకం అన్నిటికంటె ప్రసిద్ధమైనది. "వీఎఫ్ఎస్: మూల ఫైలు వ్యవస్థను జోడించలేకపోతున్నాను, అన్‌నోన్ బ్లాక్ (0,0)" అనే భావంతో పానిక్ వస్తుంది. పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టిది ఈ స్థితి. డిస్కును చదివే డ్రైవరును మాడ్యూలుగా చేశాము. ఆ మాడ్యూలు డిస్కు మీద ఉన్నది. దానిని చదవాలంటే డ్రైవరు కావాలి.

బ్రాకెట్లలోని రెండు అంకెలు చాలా విలువైనవి. (0,0) అంటే డిస్కే కనిపించలేదు. (8,1) అని ఉంటే డిస్కు, దాని మొదటి విభాగం కనిపించాయి, కాని దాని మీది ఫైలు వ్యవస్థను చదవడం రాలేదు. మొదటి స్థితిలో డిస్కు డ్రైవరును, రెండవ స్థితిలో ఈఎక్స్‌టీ4 వంటి ఫైలు వ్యవస్థ ఎంపికను "వై"గా మార్చాలి. అదే సందేశంలో కనిపించే విభాగాల జాబితా ఖాళీగా ఉంటే కూడా డిస్కు డ్రైవరు లేదనే అర్థం. ఇంటెల్ చిప్‌సెట్ గల పాత లాప్‌టాప్‌లలో కావలసిన డ్రైవరు సాధారణంగా "ఏటీఏ పిక్స్".

ఇక్కడ పాత పుస్తకాలు చదివినవారు పొరబడే విషయం ఒకటి ఉన్నది. పూర్వం ఐడీఈ డిస్కులకు "హెచ్‌డీఏ" అని పేరు ఉండేది. ఆ పాత ఐడీఈ డ్రైవర్ల సముదాయాన్ని 2021లో వచ్చిన 5.14లో పూర్తిగా తొలగించారు. అవే డిస్కులు ఇప్పుడు "ఎస్‌డీఏ"గా కనిపిస్తాయి. ఆజ్ఞా వరుసలో పాత పేరు మిగిలి ఉంటే డ్రైవరు ఉన్నా డిస్కు దొరకదు.

తాళంచెవి చిక్కుకు మరొక పరిష్కారం ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్. ఇది అవసరమైన మాడ్యూళ్లను మాత్రం మూటగట్టి గ్రబ్ ద్వారా కెర్నెలుతోపాటు మెమరీలోకి ఎక్కించే చిన్న తాత్కాలిక వ్యవస్థ. సఖినేటిపల్లి నుండి నరసాపురం వెళ్లేవారిని వశిష్ఠ దాటించే పంటు వంటిది. ఆవలి ఒడ్డు చేరగానే దిగి పోవడమే. డెబియన్‌లో "మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్", తరువాత "మేక్ ఇన్‌స్టాల్" అనే క్రమంలో నడిపితే ఇది దానంతట అదే తయారవుతుంది. క్రమం తారుమారైతే మాడ్యూళ్లు లేని ఖాళీ పంటు తయారవుతుంది. మూల విభాగాన్ని యూయూఐడీ సంఖ్యతో సూచించినప్పుడు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ తప్పనిసరి అని గమనించాలి. కెర్నెలు స్వయంగా గుర్తించగలిగేది పార్ట్‌యూయూఐడీని మాత్రమే.

పాత యంత్రాలకు ఈ పంటుతోనే ఇంకొక ప్రమాదం: బరువు. డీబగ్ సమాచారంతో ఉన్న మాడ్యూళ్లను యథాతథంగా మూటగడితే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ వందల ఎంబీలకు పెరుగుతుంది. బూట్ విభాగం నిండిపోవడం, మెమరీ చాలక ప్రారంభంలోనే ఆగిపోవడం దీని ఫలితాలు. మాడ్యూళ్లను స్థాపించేటప్పుడు "ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్" విలువను 1గా ఇస్తే అవి ఎన్నో రెట్లు చిక్కిపోతాయి.

డిస్కు జోడింపు జరిగిన తరువాత "పనిచేసే ఇనిట్ ఏదీ దొరకలేదు" అని ఆగితే, కెర్నెలు తన పని ముగించి మొదటి ప్రోగ్రామును నడపలేకపోయిందని అర్థం. 64 బిట్ల కెర్నెలు తయారుచేసి 32 బిట్ల వ్యవస్థ మీద పెట్టినప్పుడు, 32 బిట్ల ప్రోగ్రాములను నడిపే ఎంపిక మరచిపోతే ఇలా జరుగుతుంది. సిస్టండి గల పంపిణీలలో సీగ్రూపులు, డెవ్‌టీఎంపీఎఫ్ఎస్ అనే ఎంపికలు తీసివేసినా వ్యవస్థ ముందుకు సాగదు. మెమరీ ఆదా చేయాలని అనవసరమనిపించిన ప్రతిదీ తీసివేసే ఉత్సాహం ఉన్నవారు వీటి జోలికి పోరాదు.

తెర మాత్రమే పోయినప్పుడు "నోమోడ్‌సెట్" అనే మాటను ఆజ్ఞా వరుసలో చేర్చాలి. అప్పుడు తెర కనిపిస్తే దోషం చిత్ర డ్రైవరులో ఉన్నది. రేడియాన్ చిప్పు ఉన్న యంత్రాలలో డ్రైవరుకు ఫర్మ్‌వేరు ఫైలు దొరకక ఇలా జరుగుతుంది. "ఏసీపీఐ=ఆఫ్" అనే మాట కూడా చాలామంది సలహా ఇస్తారు. అది రోగనిర్ధారణకు మాత్రమే పనికివచ్చేది. అలాగే వదిలివేస్తే బ్యాటరీ సూచిక, నిద్రావస్థ పనిచేయవు, వేడి నియంత్రణ కూడా దెబ్బతినవచ్చు.

బూటు అయిన తరువాత వచ్చే లోపాలు

వైర్‌లెస్ పనిచేయకపోవడం వీటిలో ప్రధానమైనది. సెంట్రినో కాలపు లాప్‌టాప్‌లలోని ఐపీడబ్ల్యు2200 వంటి వైర్‌లెస్ కార్డులకు డ్రైవరుతోపాటు ఫర్మ్‌వేరు ఫైలు కూడా కావాలి. డిస్కు డ్రైవరును "వై" చేయమని చెప్పాము కదా అని దీనిని కూడా "వై" చేస్తే కథ అడ్డం తిరుగుతుంది. కెర్నెలులో కలిసిన డ్రైవరు, డిస్కు ఇంకా జోడింపబడక ముందే మేల్కొని ఫర్మ్‌వేరును వెదుకుతుంది, దొరకక విరమిస్తుంది. ఫర్మ్‌వేరు కోరే డ్రైవరును "ఎం"గానే ఉంచడం శ్రేయస్కరం. డిస్కుకు "వై", వైర్‌లెస్‌కు "ఎం" అన్నది పాత యంత్రాల విషయంలో దాదాపు సూత్రప్రాయం.

మాడ్యూలు ఎక్కనప్పుడు వెర్షన్ మాజిక్ కలవలేదని సందేశం వస్తే, ఆ మాడ్యూలు వేరొక కెర్నెలుకు చెందినదని అర్థం. ఎంపికలు మార్చి కెర్నెలును మాత్రం స్థాపించి, మాడ్యూళ్లను స్థాపించడం మరచినప్పుడు ఇలా అవుతుంది.

నడుస్తూ నడుస్తూ "ఊప్స్" అనే నివేదిక వెలువడవచ్చు. కెర్నెలు లోపల ఒక దోషం జరిగి, ఆ ఒక్క పనిని ఆపి మిగిలినది కొనసాగుతున్నదని దీని భావం. ఒకదాని వెంట ఒకటి పది ఊప్సులు వచ్చినా మొదటిదే నిజమైన సాక్షి. మిగిలినవి దాని పర్యవసానాలు. "జర్నల్‌సీటీఎల్" ఆజ్ఞతో గత బూటు కాలపు సందేశాలను చదవవచ్చు. యంత్రం బిగుసుకుపోతే మీట నొక్కి ఆపక, ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ మీటలు పట్టుకొని ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బీ అక్షరాలను ఒకదాని తరువాత ఒకటి నిదానంగా నొక్కితే, డిస్కులోని సమాచారం చెడకుండా యంత్రం తిరిగి బూటు అవుతుంది. ఈ సదుపాయం కూడా ఎంపికలలో ఉండాలి.

నిన్న నడిచినది నేడు నడవకపోతే

ఒక విడుదలలో పనిచేసిన పరికరం తరువాతి విడుదలలో, అవే ఎంపికలతో పనిచేయకపోతే, లోపం మన ఎంపికలది కాకపోవచ్చు. పాత హార్డువేరు గల యంత్రాలు అభివృద్ధి చేసేవారి వద్ద ఉండవు కనుక, అటువంటి లోపాలు ఎవరికీ కనిపించకుండానే మిగిలిపోతాయి. పాత లాప్‌టాప్ ఉన్నవాడే దానికి సాక్షి.

ఇటువంటప్పుడు "గిట్ బైసెక్ట్" అనే సాధనం ఉపయోగపడుతుంది. మంచి విడుదల, చెడు విడుదల రెండింటినీ చెబితే, మధ్యనున్న మార్పును ఇచ్చి పరీక్షించమంటుంది. మనం బాగుందో లేదో చెప్పగానే సగం మార్పులను పక్కన పెట్టి మిగిలిన సగంలో మధ్యదానిని ఇస్తుంది. నిఘంటువులో మాటను వెదకడానికి నడుమ తెరిచి ముందుకో వెనక్కో పోవడం వంటిదే. రెండు విడుదలల నడుమ 14,000 మార్పులు ఉన్నా సుమారు 14 పరీక్షలలో దోషానికి కారణమైన ఒక్క మార్పు తేలుతుంది.

14 సార్లు కెర్నెలును పాత లాప్‌టాప్‌లో కంపైలు చేయడమంటే వారాల పని. దీనికి కొత్త కంప్యూటరు ఉన్న మిత్రుని సహాయం తీసుకోవాలి. 64 బిట్ల యంత్రంలో "ఆర్చ్" విలువను ఐ386గా ఇచ్చి, పాత లాప్‌టాప్ ఎంపికల ఫైలుతో "మేక్ బిన్‌డెబ్-పీకేజీ" ఆజ్ఞను నడిపితే, డెబియన్ పొట్లంగా కెర్నెలు తయారవుతుంది. ఆ పొట్లాన్ని పెన్‌డ్రైవులో తెచ్చి పాత యంత్రంలో స్థాపిస్తే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్, గ్రబ్ జాబితా కూడా దానంతట అవే సవరించబడతాయి. చిన్న యంత్రానికి రోజు పట్టే పని, పెద్ద యంత్రంలో నిమిషాలలో ముగుస్తుంది. కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటర్లు ఇందుకు బాగా పనికివస్తాయి.

తేలిన మార్పును, యంత్రం నమూనాను, పూర్తి "డీమెస్గ్" పాఠాన్ని జతచేసి ఆ భాగాన్ని చూసుకొనే నిర్వాహకులకు ఇంగ్లీషులో లేఖ వ్రాయాలి. ఏ భాగానికి ఎవరు నిర్వాహకులో సోర్సు కోడులోని "మెయింటెయినర్స్" అనే ఫైలులో ఉంటుంది. లేఖ పొడవుగా ఉండనవసరం లేదు. ఏ విడుదలలో నడిచింది, ఏ మార్పుతో ఆగింది అన్న రెండు వాక్యాలు, వాటి కింద సందేశాల పాఠం ఉంటే చాలు. వారు సవరణ పంపినప్పుడు పరీక్షించి చెప్పడానికి లాప్‌టాప్‌ను, నడిచిన ఎంపికల ఫైలును భద్రంగా ఉంచుకోవాలి.